ఇరవై రెండా, ముప్పై రెండా

ఆదివారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు టీ వడగడుతుంటే ఫోను మోగింది. మా బావ. అక్క భర్త. పలకరింపు లేకుండా అడిగాడు.

“ఒరే, ఇరవై రెండా, ముప్పై రెండా?”

“ఇరవై రెండేటి బావా?”

“తుపాకిరా. లైసెన్సు వచ్చీసింది. ఒక్కటే కొనుక్కోవాల. ఏది కొంటే దాని బోరు అందులో ఎక్కించీస్తారు. మళ్లీ మార్చడానికి ఉండదు. నువ్వు సదువుకున్నోడివి, సూసి సెప్పు.”

బోరు అంటే గొట్టం లోపలి కొలత. తూటా ఎంత లావో, పేలినప్పుడు తుపాకి చేతిని వెనక్కి ఎంత గట్టిగా తన్నుతుందో చాలావరకు దాన్నిబట్టి ఉంటుంది. మామూలు మనిషికి మన దగ్గర దొరికే చిన్న తుపాకుల్లో అప్పట్లో ఎక్కువగా ఆ రెండు కొలతలే ఉండేవి. ఇరవై రెండు చిన్నది. ముప్పై రెండు దానికన్నా పెద్దది. ఫోను పెట్టేశాక నాకు సంతోషం వేసింది. నన్ను అడిగాడు కదా అని.

బావ అడుగుతున్నది తుపాకి గురించి అనుకున్నాను. అతను చేతి గురించి అడుగుతున్నాడు. అప్పటికి ఏడాదిగా అతని కుడిచెయ్యి వణుకుతోంది. ఆ చేతితో అతనికి మిగిలిన ఇష్టమైన పని ఒక్కటే, ఆదివారం ఆదివారం గురి చూసి కాల్చడం. ఏ తుపాకి కొంటే ఆ పని ఇంకొన్నాళ్లు సాగుతుందన్నది అతని ప్రశ్న. నాకు అది తెలియలేదు. తెలుసుకునే వీలు తర్వాత కూడా వచ్చింది, తెలుసుకోలేదు.

తుపాకి పేరు ఎత్తితే చివర ఏదో ఘోరం జరుగుతుందని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. అలాంటిది ఏమీ లేదని ముందే చెప్పడం మర్యాద. బావ పోయింది గుండె ఆగి. ఆ తుపాకి ఏ మనిషినీ ఏమీ చెయ్యలేదు.

బావ బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పని చేశాడు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లి మొదటిసారి తుపాకి పట్టుకున్నాడట. మళ్లీ పట్టుకున్నది రిటైరయ్యాకే. విజయనగరం దాటాక ఒక కొండ కింద సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకాయన చిన్న షూటింగు క్లబ్బు పెట్టాడు. బావ అందులో చేరాడు. ప్రతి ఆదివారం టిఫిను బాక్సు పెట్టుకుని స్కూటరు మీద బొబ్బిలి నుంచి వచ్చేవాడు. తిరిగి వెళ్లేటప్పుడు విజయనగరంలో మా ఇంటి దగ్గర ఆగేవాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద, పుస్తకాల మీదే పరిచేవాడు. వలయాలు గీసి ఉన్న కాగితం. దానిలో చిన్న చిన్న కన్నాలు.

“సూడు. ఈ రెండూ పది. ఇది తొమ్మిది. ఇదిగో ఇది ఊపిరి ఒగ్గీసినప్పుడు పడ్డాది, అందుకే పక్కకి పోనాది.”

ఇంకేమీ చెప్పేవాడు కాదు. నేను చూశానని రూఢి చేసుకుని మళ్లీ మడిచి జేబులో పెట్టుకునేవాడు. బడిలో ఈల, కర్ర, కేకలతో బతికిన మనిషి. ఆ కాగితం చూపించేటప్పుడు మాత్రం అతని గొంతు తగ్గేది.

క్లబ్బులో ఇరవై రెండు పిస్తోలు ఒక్కటే ఉండేది. పోటీలకు వెళ్లే పిల్లలకి ముందు ఇవ్వాలి. బావ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమై ఎండ కళ్లలో కొట్టేది. సొంతది ఉంటే పొద్దున్నే కాల్చుకుని వచ్చెయ్యవచ్చని లైసెన్సుకి పెట్టాడు. తోటలో ఒంటరి ఇల్లు, ఆత్మరక్షణకు కావాలి అని దరఖాస్తులో రాశాడు. అలా రాస్తేనే ఇస్తారని ఎవరో చెప్పారు. పోలీసు విచారణ, తహసీల్దారు ఆఫీసు, కలెక్టరాఫీసు. మధ్యలో ఎన్నికలు వచ్చాయి, రాష్ట్రం రెండయింది. ఫైలు రెండేళ్లు తిరిగింది.

లైసెన్సు చేతికి వచ్చేలోగా దరఖాస్తులో రాసిన మాట నిజమయ్యేట్టు కనిపించింది. రాష్ట్రం రెండయిన ఏడాది అక్టోబరు తుఫానుకి స్తంభాలు పడిపోయి కొన్నాళ్లు కరెంటు లేదు. ఆ రోజుల్లో పక్క ఊరి తోటలో ఇద్దరు ముసలివాళ్లను మంచానికి కట్టేసి వంటిమీద బంగారం ఒలుచుకుపోయారు. అక్కా బావల ఇల్లు కూడా మామిడి తోటలోనే. కేక వేస్తే వినిపించే దూరంలో మరో ఇల్లు లేదు. అక్క ఫోనులో, “రేత్రి కుక్క మొరిగితే గుండె దడదడలాడిపోతన్నాదిరా,” అనేది. నేను విజయనగరంలో మేడ మీద వాటాలో, కింద ఇంటివాళ్లు ఉండగా నిద్రపోయేవాడిని. అయినా ఆ భయం అక్క కన్నా నాకే ఎక్కువ పట్టుకుంది. బావ ఆదివారం క్లబ్బుకి వెళ్లినప్పుడు అక్క ఒక్కతే ఉంటుందని నాకు బావ మీద కోపం కూడా ఉండేది. ఆ కోపం ఎప్పుడూ బయటికి అనలేదు. అది వేరే దారిలో బయటికి వచ్చింది.

నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసేవాడిని. మా వాళ్ల లెక్కలో అన్నీ తెలిసినవాడిని. బావ అడిగిన వారంలో పాత పత్రికలు తిరగేశాను, ఇంటర్నెట్‌లో చదివాను. ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి రెండు పక్కలా రాశాను. ఇరవై రెండు: తన్నదు, చప్పుడు తక్కువ, తూటా చవక, గురికి మంచిది. కానీ పేల్చే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కాబట్టి ఒక్కోసారి పేలదు. తగిలినా మనిషి ఆగుతాడని నమ్మకం లేదు. ముప్పై రెండు: బరువు, తన్నుతుంది, ట్రిగ్గరు గట్టి, తూటా ఖరీదు. కానీ పేలుతుంది, ఆగుతాడు. చివర ‘ఇంటి రక్షణకు ముప్పై రెండే’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. జీవితంలో నేను ఒక్క తూటా కాల్చినవాడిని కాదు. తుపాకి తన్నడం అంటే ఎలా ఉంటుందో పుస్తకంలో చదివిందే. కాల్చే మనిషి వయసెంత, చెయ్యి ఎలా ఉంది అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఫోను చేసి చదివి వినిపించాను. బావ అంతా విని, “సరే, సూద్దాం,” అన్నాడు. ఒప్పుకోలేదు. ఆ సంగతి నాకు అర్థమైంది.

తర్వాతి నెలలో చీపురుపల్లిలో మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు, కొత్త ఇంటికి గృహప్రవేశం చేశాడు. భోజనాలయ్యాక మగవాళ్లం షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. మా వైపు ఇలాంటి చోట బావల్ని బావమరుదులు ఏడిపించాలి. అది హక్కే కాదు, బాధ్యత కూడా. ఏడిపించకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడంటారు. బావ ఎన్ని మాటలైనా పడాలి, తిరిగి అనాలి. ఒక్క నియమం ఉంది. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. కాబట్టి ఆ కుర్చీల మధ్య ఎవరూ ఏదీ నిజంగా చెప్పరు. చెప్పినా ఎవరూ నిజమనుకోరు.

నేను మామూలుగా ఆ గుంపులో వినేవాడిని. ఆ రోజు మొదలుపెట్టింది నేనే.

“ఏటి బావా, ఏ తుపాకి కొంటన్నావు?”

“ఇంకా అనుకోలేదురా. ఇరవై రెండే బాగుంటాదనిపిస్తన్నాది.”

“ఇరవై రెండంటే ఏటిరా అది?” అని మావ నన్ను అడిగాడు.

“సిన్నది మావా. తూటా కందిగింజంత ఉంటాది. దొంగోడికి తగిల్తే దోమ కుట్టిందనుకుని గోక్కుంటాడు.”

నవ్వారు. మా పెదనాన్న కొడుకు అందుకున్నాడు. “తుపాకెందుకు, బావ ఈల ఊదితే సాలదేటి? దొంగలందరూ ఎత్తు పెకారం వరసలో నిలబడిపోతారు.”

“ముందు నిన్ను నిలబెడతానురా. పదో తరగతిలో గోడ దూకి పారిపోనావు, ఆ బాకీ ఉండిపోనాది,” అన్నాడు బావ.

అతని మీద కూడా నవ్వారు. అక్కడితో మాట వేరే దాని మీదకి మళ్లేదే. నేను మళ్లనివ్వలేదు.

“అది కాదు బావా. మా అక్కని తోటలో ఒంటిగా ఒగ్గీసి ఆదివారం ఆదివారం కాయితాలకి కన్నాలు పెట్టుకుని వస్తావు. ఆ కాయితాలొచ్చి నీ ఇంటి మీద పడతాయేటి? ఇంటికి పనికొచ్చింది కొనవేటి?”

బావ నా వైపు చూశాడు. నవ్వుతూనే ఉన్నాడు.

“నా సెయ్యి ముసిల్దయిపోనాదిరా బామ్మర్దీ. పెద్దది మొయ్యలేదు. కావాలంటే సూడు.”

కుడిచెయ్యి అందరి మధ్యకి చాచాడు. వేళ్లు వణికాయి. బొటనవేలూ చూపుడువేలూ ఎక్కువగా.

“సూడండి, సూడండి!” అన్నాను నేను. “దొంగోణ్ని తల్సుకుంటేనే వణుకు వచ్చీసింది మా బావకి!”

ఆ రోజు అందరికన్నా పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. మావకి పొలమారింది. పక్క వరసలో తాంబూలాలు పంచుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. బావ కూడా నవ్వాడు. నవ్వుతూ చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకున్నాడు.

నా మాటకి అంతమంది నవ్వడం నాకు అదే మొదలు. విజయనగరం వెళ్లే బస్సులో ఆ మాటనే నాలో నేను మళ్లీ మళ్లీ అనుకుని మురిసిపోయాను. ఇది రాయడం కష్టంగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

తుపాకి కొనడానికి నన్ను తోడు రమ్మన్నాడు. దుకాణం విశాఖపట్నంలో. విజయనగరంలో పాసింజరు ఎక్కాం. కొత్తవలసలో గూడ్సు బళ్లకు దారి ఇవ్వడానికి మా బండిని చాలాసేపు ఆపేశారు. బావ వేరుశనక్కాయలు కొన్నాడు. ఎడమచేత్తో వలుచుకుంటున్నాడు. కుడిచెయ్యి వాడటం లేదన్నది నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

“ఒరే, ఒక మాట అడుగుతాను,” అన్నాడు. “తోటలోకి వచ్చినోడు ఎవుడవుతాడు?”

“దొంగోడు.”

“దొంగోడే. ఏ ఊరోడు?”

“ఏ ఊరోడైతే ఏటి?”

“ముప్పై ఏళ్లు ఈ సుట్టుపక్కల ఊళ్లన్నిటికీ డ్రిల్లు సెప్పేనురా. వచ్చినోడు నా దగ్గర నిక్కరేసుకుని పరిగెట్టినోడే అవుతాడు. మాస్టారూ అంటాడు. అప్పుడు ముప్పై రెండుతో కాల్సమంటావా, ఇరవై రెండుతో కాల్సమంటావా?”

“మనోళ్లు కాదు బావా ఇలాటి పనులు చేసేది. ఒడిశా వైపు నుంచి వస్తన్నారట.”

ఎవరన్నారో నాకు తెలియదు. ఎవరూ అని ఉండరు. నా భయానికి ఒక ముఖం కావాలి. తెలిసినవాళ్ల ముఖం పెట్టడానికి నోరు రాక ఊరూ పేరూ తెలియనివాళ్ల ముఖం పెట్టాను. బావ ఒళ్లోని పొట్టు కిటికీలోంచి పారబోశాడు.

దుకాణంలో పెద్దాయన పచ్చగుడ్డ పరిచి రెండూ దాని మీద పెట్టాడు. బావ ముందు ఇరవై రెండు తీసుకున్నాడు. గోడ వైపు తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి చాచాడు. ఊపిరి సగం వదిలి ఆపాడు. చెయ్యి నిలబడింది. అప్పటికి ఎంతసేపు నిలబడాలో అంతసేపు నిలబడింది.

“మీ చేతికి కుదిరిందండి,” అన్నాడు దుకాణం పెద్దాయన. “గురి కాల్చే అలవాటున్న చెయ్యి. చూస్తే తెలుస్తుంది.”

బావ ముఖం బడిలో బహుమతి అందుకున్న పిల్లవాడి ముఖంలా అయింది. అప్పుడు నేను మధ్యలోకి వచ్చాను.

“గురికి కాదండి. ఇంటికి. తోటలో ఒంటరి ఇల్లు.”

“ఇంటికయితే మరి ముప్పై రెండే అందరూ తీసుకెళ్తారు,” అన్నాడాయన. వ్యాపారి. ఆయన్ని అనడానికి లేదు.

బావ ముప్పై రెండు రివాల్వరు కూడా ఎత్తి చూశాడు. ఎక్కువసేపు పట్టుకోలేదు. నా వైపు చూశాడు. ఏదో అంచనా వేస్తున్నట్టు కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత నవ్వాడు.

“మా బామ్మర్ది సెప్పిందే ఇచ్చీయండి. లేపోతే ఇంటికెళ్లాక నన్ను బతకనివ్వడు.”

ఆ చూపుకి అర్థం నాకు తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

మొదటి ఆదివారం నేను కూడా క్లబ్బుకి వెళ్లాను. నా సలహా ఎంత బాగుందో చూడాలని వెళ్లాను. చెవుల్లో దూది పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. బావ రివాల్వరు గుండ్రటి అరల్లో ఆరు తూటాలూ పెట్టి నిలబడ్డాడు. ట్రిగ్గరు నొక్కడానికి చాలా బలం పట్టడం వెనకనుంచే కనిపించింది. భుజం దాకా బిగిసిపోయింది. పేలిన ప్రతిసారీ చెయ్యి పైకి లేచింది. దింపి మళ్లీ గురి పట్టేలోపు మొన గాలిలో చిన్న చిన్న సున్నాలు చుట్టింది. మూడు కాల్చాక ఆగాడు. రివాల్వరు బల్ల మీద పెట్టి కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. క్లబ్బాయన దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. బావ మిగిలిన మూడూ కాల్చాడు.

కాగితంలో రెండే కన్నాలు ఉన్నాయి. రెండూ కింది అంచున, వలయాల బయట. మిగతా నాలుగూ వెనక మట్టిగట్టులోకి పోయాయి.

“పట్టు అలవాటు కావాలి మాస్టారూ,” అన్నాడు క్లబ్బాయన మెల్లిగా.

“అవును,” అన్నాడు బావ. కాగితాన్ని నాలుగు మడతలు, ఎనిమిది మడతలు చేశాడు. ఆ రోజు మా ఇంటి దగ్గర ఆగాడు, టీ తాగాడు. కాగితం బయటికి తియ్యలేదు.

“కొత్త కదా బావా. నాలుగు వారాలు కాలిస్తే అదే వస్తాది,” అన్నాను.

“వస్తాది,” అన్నాడు.

తర్వాతి ఆదివారం వాన అన్నాడు. ఆ తర్వాత మోకాలు అన్నాడు. తూటాలు లైసెన్సులో రాసినన్నే ఇస్తారు, వాటిని కాగితాల మీద తగలేస్తే ఇంటికేటి మిగుల్తాయిరా అన్నాడు. అది నా వాదనే, నాకే అప్పజెప్పాడు. ఒకసారి నేనే, “క్లబ్బులో ఇరవై రెండు ఉన్నాది కదా, దాంతో కాల్చుకో,” అన్నాను. “సొంతదుండగా ఆ పిల్లల దగ్గర వంతు కోసం కూకుంటే ఏటంటారు? మాస్టారికి పెద్దది సేతకాలేదంటారు,” అన్నాడు. అది సబబుగానే అనిపించి ఊరుకున్నాను. ఆదివారాలు అతను ఇంటి దగ్గరే ఉంటున్నందుకు అక్కకి తోడు దొరికిందని లోలోపల తృప్తి కూడా పడ్డాను.

ఒక ఆదివారం నేను తోటకి వెళ్లాను. బావ పెరటి అరుగు మీద పాత పేపరు పరిచి, తూటాలు తీసేసిన రివాల్వరుకి నూనె పట్టిస్తున్నాడు. కాల్చకపోయినా నెలకోసారి తుడిచేవాడు. పక్కనే చేపలామె కత్తిపీట వేసుకుని కూర్చుంది. సముద్రపు ఒడ్డు ఊరినుంచి మొదటి బస్సుకి గంపతో వచ్చేది, అక్క ఇంట్లోనే కాసిని నీళ్లు తాగి చేపలు కోసి ఇచ్చి వెళ్లేది. ఏళ్ల నాటి అలవాటు.

“ఏటి బాబూ, సేపల్ని కాల్సీడానికేటి అది?” అంది.

“నీ సేపలకి తూటా ఎందుకే? ఎప్పుడో సచ్చినయ్యి కదా.”

“పొద్దున్న తెప్ప దిగినయ్యి బాబూ, ఇంకా కళ్లు తెరుసుకుని నిన్నే సూస్తన్నాయి. నీ తుపాకే ఒక దినం పేలిందని నానెప్పుడూ ఇన్లేదు.”

బావ పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూ చేప తోక పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది.

“సెయ్యలా వణుకుతన్నాదేటి బాబూ?”

“నూనె జారుతన్నాదే.”

“నూనె కాదు బాబూ. మా మావకీ ఇలాగే మొదలైనాది. వల అల్లడం మానిపించీసేం. డాక్టరుకి సూపించుకో.”

“సర్లే, నువ్వు సేప కొయ్యి.”

నేను స్తంభానికి ఆనుకుని పేపరు చదువుతున్నాను. ఆ మాటలన్నీ విన్నాను. తల ఎత్తి అతని చేతికేసి చూడలేదు. నూనె జారుతుందనే అనుకున్నాను, లేదా అలా అనుకోవడం సులువుగా ఉంది. ఆమెకి మా ఇంట్లో ఏ వరసా లేదు. అయినా మాలాగే వేళాకోళం ఆడింది, మాలాగే నవ్వింది. కానీ చెయ్యి కనబడగానే నవ్వు ఆపింది. నేను గృహప్రవేశం నాడు అదే చెయ్యి అడుగు దూరంలో చూసి నవ్వు పెంచాను.

బావ 2017 వానాకాలంలో పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి పడుక్కున్నాడు, లేవలేదు. పదకొండో రోజు దాటాక తుపాకి సంగతి గుర్తు వచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి పోతే దాన్ని స్టేషనులో అప్పగించాలి. అక్క చేత కాగితం మీద సంతకం పెట్టించి నేనే తీసుకెళ్లాను. అక్కడి రైటరు, స్టేషను రాతపనులు చూసే కానిస్టేబులు, నంబరు సరిచూసుకుని తూటాల పెట్టె తెరిచాడు. దుకాణంలో ఇచ్చినవాటిలో ఆరు తక్కువ ఉన్నాయి.

“పెద్దగా వాడలేదన్నమాట. మంచిది సార్,” అన్నాడు. తర్వాత, “మీ కుటుంబంలో ఎవరైనా తమ పేరుకి మార్పించుకోవచ్చు. దరఖాస్తు పెట్టుకోండి,” అన్నాడు.

చూస్తామన్నాను.

ఆ సాయంత్రం అక్క బీరువాలో కాగితాలు సర్దుతుంటే నేను పక్కన కూర్చున్నాను. పట్టాదారు పాసుపుస్తకం, పింఛను కాగితాలు, వాటి మధ్య ఒక డాక్టరు చీటీ. చెయ్యి వణుకుకి మాత్రలు. తేదీ చూశాను. బావ నాకు ఫోను చేసిన ఆదివారానికి ఏడాది ముందుది.

“ఇదేటక్కా?”

“సెయ్యి వణుకుకి. మాత్రలు ఏసుకుంటే నిద్దరొచ్చీస్తన్నాదని మానీసేడు.”

“నాకెవరూ చెప్పలేదే.”

అక్క చేతిలో కాగితాలు పక్కన పెట్టింది.

“సెప్పకపోవడమేటిరా? మావ గృహపెవేశం నాడు అందరి మధ్యలో సెయ్యి సాపి మరీ సూపించేడు కదా.”

“అది వేళాకోళం అనుకున్నాను.”

“నిజంగా?”

“నిజంగా.”

అక్క నా చేతిలోంచి చీటీ తీసుకుని మడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

“మీ బావ అలాగనుకోలేదు,” అంది. “ఆ రేత్రి నాను కోప్పడ్డాను. ఆడికి బుద్ధి లేదేటి, అలాగనీసేడు అన్నాను. మీ బావ నన్నే కసిరేడు. ‘ఆడు సూసేడే. సూసి, నలుగుర్లో నాను సిన్నబోకుండా నవ్వులోకి తిప్పీసేడు. సదువుకున్నోడు, ఆడికి తెలుసు’ అన్నాడు. తుపాకి కొనుక్కుని వచ్చిన రోజు కూడా అదే మాట. ‘నా సెయ్యి సంగతి తెలిసి కూడా ఆడు ముప్పై రెండే తీసుకోమంటన్నాడంటే, నా సెయ్యి ఇంకా దానికి సాలుతాదని ఆడికి నమ్మకం. ఆడు సూడకుండా సెప్పడు’ అన్నాడు.”

దుకాణంలో నా వైపు చూసిన చూపు అది. నన్ను చదువుతున్నాడు. నా ముఖంలో లేని తెలివినీ, లేని దయనూ చదువుకుని, దాని మీద నమ్మకం పెట్టుకుని పచ్చగుడ్డ మీద ఇరవై రెండు వదిలేశాడు. మొదటి ఆదివారం కాగితాన్ని ఎనిమిది మడతలు చేసి జేబులో పెట్టుకున్నప్పుడు కూడా తప్పు తన చేతిదే అనుకుని ఉంటాడు. నా మాటది అనుకోలేదు.

“నాకు తెలీదక్కా,” అని మళ్లీ అన్నాను. “సర్లే,” అంది అక్క. “ఇప్పుడేటి సేస్తాం. టీ తాగుతావా?”

ఇరవై రెండు కొని ఉంటే ఎన్నాళ్లు కాల్చేవాడో నాకు తెలియదు. చెయ్యి ముదిరి ఏడాదికే ఆగిపోయేదేమో. ఆ ఏడాది అతనిది. దాన్ని తీసుకోవడానికి నాకు ఏ అధికారమూ లేదు. దొంగలు రాలేదు కాబట్టి నా సలహా తప్పయిందని నేను అనడం లేదు. వచ్చి ఉన్నా అది తప్పే. మనిషిని చూడకుండా చెప్పిన సలహా అది.

స్టేషనువాళ్లు పేరు మార్పు గురించి రెండుసార్లు కబురు చేశారు. అక్క వద్దంది. నేనూ వద్దన్నాను. 2019 ఎన్నికలప్పుడు ఊళ్లో లైసెన్సులున్నవాళ్లంతా వెళ్లి తుపాకులు అప్పగించారు, ఎన్నికలయ్యాక తిరిగి తెచ్చుకున్నారు. మాది అక్కడే ఉంది. అక్క తోటలోనే ఉంటోంది, చీకటి పడకముందే తలుపులు వేసుకుంటుంది. మా కుటుంబంలో ఇప్పుడు ఎవరూ తుపాకి కాల్చరు.